మెట్ల దారిలో అప్పన్న కొండకి

మా రెండు వైపుల చుట్టాల్లో కలిపి ఒక సింహాచలం, ఇద్దరు అప్పలరాజులు, ఒక అప్పలనర్సమ్మ ఉన్నారు. ఉత్తరాంధ్రలో ఎవరింట్లో లేరు చెప్పండి! కూర్మన్నపాలెంలో ఉంటాం కాబట్టి అప్పన్న దర్శనం మాకు సగం పూట పనే. ఘాట్ రోడ్డు మీద పైకెళ్ళడం, దణ్ణం పెట్టుకోవడం, పులిహోర తినడం, భోజనం వేళకి ఇంట్లో ఉండడం.

ఈసారి మా అత్తగారు మెట్లెక్కుతానన్నారు. ఆవిడకి 74 ఏళ్ళు. మోకాళ్ళు అరిగాయని డాక్టరు గారు మేడ మెట్లే వద్దన్నారు. కొండ మెట్లేమో వెయ్యికి పైనే. మావారు ససేమిరా అన్నారు. "బస్సు మీద పోతే మొక్కెలా తీరతాదిరా?" అన్నారావిడ. ఏం మొక్కో మాత్రం చెప్పలేదు.

ఆషాఢం చివర్లో ఓ బుధవారం తెల్లవారుజామునే తొలిపావంచా దగ్గరికి చేరాం. గిరి ప్రదక్షిణ నాడు జనం కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్ల నడక మొదలుపెట్టేది ఇక్కడే. ఆ రోజు మాత్రం మేమూ, నలుగురైదుగురు భక్తులూ, ఓ కుక్కా. మెట్టు మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెట్టాలన్నారు అత్తగారు. వంగడం నా వంతు, ఎక్కడం ఆవిడ వంతు అని ఒప్పందం. నిజానికి నా నడుమే ముందు పడిపోయింది.

ముప్పై మెట్లకోసారి కూర్చున్నాం. కూర్చున్నప్పుడల్లా ఆవిడ కొంచెం కొంచెంగా చెప్పుకొచ్చారు. పెళ్ళయి మూడేళ్ళయినా కడుపు పండకపోతే ఈ మెట్లే ఎక్కి, గుళ్ళో కప్పస్తంభాన్ని కౌగిలించుకున్నారట. మావారు పుట్టాక పుట్టువెంట్రుకలు తీయించడానికి మళ్ళీ ఎక్కారట. తర్వాత ఫ్యాక్టరీ కోసం ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వాళ్ళ ఊరూ పోయింది. గాదెలు, పశువులశాల, వీధి చివర వేపచెట్టు, అన్నీ. ఆ ఏడాదే శాలలో కోడెదూడ పుట్టింది. మేపడానికి గట్టు కూడా మిగల్లేదని మామగారు దాన్ని అప్పన్నకి మొక్కు కింద ఇచ్చేశారు. మా వైపు రైతులకి స్వామికి కోడెని ఇవ్వడం మామూలే. మొక్కుకోకుండానే ఇచ్చిన మొక్కు అది.

"ఆ రోజే అనుకున్నానే. మళ్ళీ మా సొంత నేల మీద ఇల్లు లేస్తే నడిచొస్తానని."

మాఘమాసంలో మా గృహప్రవేశం అయింది. అద్దె ఇళ్ళూ, క్వార్టర్సూ దాటుకుని ఇన్నేళ్ళకి, 120 గజాల్లో. మావారు ఫోన్ చూస్తున్నట్టు తల దించుకున్నారు. ఫోన్ జేబులోనే ఉంది.

ఎనిమిదిన్నరకి పైకి చేరాం. గుడి గురించి నేను చదివింది ఇంటికొచ్చే వాళ్ళకి తెగ చెబుతుంటాను. కుళోత్తుంగ చోళుడి కాలపు శాసనం ఉందనీ, కోణార్క్ కట్టించిన గాంగ నరసింహదేవుడి కాలంలోనే, అంటే 13వ శతాబ్దంలో, ఈ గర్భగుడి లేచిందనీ, 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి నగలు సమర్పించాడనీ. ఆ రోజు అవేవీ నోటికి రాలేదు. ఏడాది పొడుగునా చందనం కప్పుకుని, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం చూపించే స్వామి ముందు అత్తగారు ఏమీ అడక్కుండా నిలబడ్డారు. "కదలండమ్మా, కదలండి" అంటున్నా కాసేపు కదల్లేదు.

దిగేటప్పుడు మాత్రం మారు మాట్లాడకుండా బస్సెక్కారు. మొక్కు ఎక్కడానికే గాని దిగడానికి కాదట! కొండ కింద సంపెంగలు కొన్నాం, రెండు అనాసపళ్ళు బేరమాడాం. పండు ముక్కలు కోయించి, ఉప్పూకారం చల్లించి తింటుంటే ఆవిడ గోశాల చూద్దామన్నారు.

కంచె పట్టుకుని చాలాసేపు దూడల్ని చూశారు. "మా దానికి నుదుట తెల్లచుక్క ఉండీది" అన్నారు.

"దాని పేరేంటమ్మా?" అని మావారు అడిగారు.

"దూడకి పేరేటిరా? అప్పన్న దూడే."