పిడికిట్లో ఆరోగ్యం

మనిషి సరిగ్గా తింటున్నాడో లేదో తెలుసుకోవాలంటే మనవాళ్ళు మొహం చూస్తారు. "అయ్యో, చిక్కిపోయావే!" అనడం మన మర్యాదల్లో ఒకటి. కాస్త చదువుకున్నవాళ్ళయితే బరువు తూస్తారు. ఈ సాక్షులిద్దరినీ పూర్తిగా నమ్మడానికి లేదని మా మేనత్త మూలాన నాకు తెలిసివచ్చింది.

అత్తయ్యకు డెబ్భై రెండేళ్ళు. మామయ్య పోయినప్పటినుంచీ మా ఇంట్లోనే ఉంటోంది. పగలు ఒక్కపూటే భోజనం. అదీ అందరూ తిన్నాక. రాత్రికి గ్లాసెడు మజ్జిగ. ఇదేమిటంటే, "ఈ వయసులో నాకు తిండెందుకురా? పిల్లలకి పెట్టండి" అంటుంది. బరువు మాత్రం రెండేళ్ళుగా మారలేదు. ఆవిడ వాదనకు అదే బలం.

అయితే, తన చీర తానే పిండుకునే మనిషి, నీళ్ళోడుతుండగానే దండెం మీద వేస్తోందని మా ఇంటావిడ కనిపెట్టింది. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాం.

ఆయన అత్తయ్య చేతికి పిడి ఉన్న ఒక పరికరం ఇచ్చారు. దాన్ని డైనమోమీటరు అంటారు. కుర్చీలో కూర్చుని, మోచెయ్యి మడిచి, శక్తికొద్దీ నొక్కాలి. రెండు చేతులతోనూ మూడేసిసార్లు నొక్కించి, అన్నిట్లోకీ పెద్ద అంకె రాసుకున్నారు. 13 కిలోలు! ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టిన హద్దు ఆడవాళ్ళకు 18, మగవాళ్ళకు 28. అంతకన్న తగ్గితే కండబలం సన్నగిల్లిందన్నమాట.

"మరి బరువు తగ్గలేదే?" అన్నాను.

"కండ పోయినచోట కొవ్వు చేరితే త్రాసుకేం తెలుస్తుందండీ? తిండి చాలకపోతే కండ కరిగేలోపే దాని సత్తువ తగ్గుతుంది. బాగా తింటే ముందు కోలుకునేదీ అదే. కీళ్ళనొప్పులవల్లా పట్టు తగ్గవచ్చు, అందుకే ఇదొక్కటే చూసి తీర్పు చెప్పం" అన్నారాయన.

తక్కిన పరీక్షలన్నీ చేశారు. జబ్బేమీ లేదు, తిండే తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అత్తయ్య తినేది అందులో సగమైనా లేదు. రెండుపూటలా పప్పు, పెరుగు, గుప్పెడు వేరుశనగపప్పు, సాయంత్రం నడక రాసిచ్చారు.

నేను బతిమాలితే వినని మనిషి ఆ అంకెకు లొంగింది. "పదమూడేనా!" అని రెండురోజులు చిన్నబుచ్చుకుంది. మూడు నెలలకు ముల్లు 15 దాకా వచ్చింది.

ఇప్పుడు రాత్రిళ్ళు మాతోబాటే కూర్చుని, "ఇంకా మూడు కిలోలు బాకీరా" అంటూ పెరుగన్నం కలుపుకుంటోంది.

మీ ఇంట్లో అందరికన్న ఆఖర్న భోంచేసేదెవరు? ఒకసారి వారి చేతికి మీ చెయ్యి అందించి, గట్టిగా పట్టుకోమనండి.