రైలెక్కిన కారు

వసంతమనగానే మా తెలుగు మేష్టర్లకు కళ్ళ ముందు మెదిలేవి మామిడి చిగురూ, కోయిలా, మలయమారుతమూను. ఇరవై ఏళ్ళుగా అదే పాఠం చెబుతున్నాను. అందుచేత వచ్చే మే నెల సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఆల్ప్స్ కొండలు చూసి రావాలని సంకల్పించినప్పుడు, అక్కడా వసంతమంటే ఇంతే కాబోలు ననుకున్నాను. ఆ అజ్ఞానానికి నాకేం శిక్ష పడిందో చెబుతాను, వినండి.

ఇంటిల్లిపాదీ అంటే నలుగురం. నేనూ, మా ఆవిడా, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయీ, డెబ్భయ్యయిదేళ్ళ మా నాన్నగారూ. ఆయన రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైనారు. కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ పోయే కొండదారిలో, ఏభైకి పైగా ఉన్న సొరంగాల చీకట్లో, చిట్టచివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని సగం జీవితం గడిపిన మనిషి. ఎప్పుడో ఒక కేలెండరులో స్విట్జర్లాండు రైలుబొమ్మ చూశారట. ఎర్రటి బండి ఎత్తయిన రాతివంతెన మీద వంపు తిరిగి, తిన్నగా కొండగోడలోకి దూరిపోతూంటుంది. ఆ కాగితం ఇప్పటికీ ఆయన ట్రంకుపెట్టె మూతకు లోపలివైపు అంటించి ఉంది.

పథకం మాత్రం నాది. జూరిచ్‌లో దిగగానే కారు అద్దెకు తీసుకోవడం, ఫుర్కా, గ్రిమ్సెల్ కనుమలు నేనే నడుపుతూ దాటడం! ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కు ఏ కాగితాలు కావాలో కనుక్కున్నాను. పటం కొని ఎర్రసిరాతో గీత గీశాను. తీరా రోడ్ల సంగతి విచారిస్తే, 2,429 మీటర్ల ఫుర్కా, 2,164 మీటర్ల గ్రిమ్సెల్, రెండూ శీతకాలమంతా మూసి ఉంటాయట. మంచు తవ్వి బాట తెరిచేసరికి మే చివరో, జూనో అవుతుందట. కింద లోయలో పచ్చికా పూలూ, పైన కనుమలో నిలువెత్తు మంచూను. మన కోయిల కూసే వేళకు అక్కడ మంచు తవ్వే యంత్రాలు కూస్తాయన్నమాట!

జూనుకు జరుపుదామంటే మా కాలేజీ తెరుస్తారు. సరే, కనుమలు పోతే పోయినై, యుంగ్‌ఫ్రావ్‌యోక్ ఉంది కదా అనుకున్నాను. 1912 నుంచీ అక్కడ రైలు మనుషులను 3,454 మీటర్ల ఎత్తుకు చేరుస్తోంది. కాని నాన్నగారికి నాలుగేళ్ళ క్రితం గుండెలో స్టెంటు వేశారు. డాక్టరుగారు ఆయనను పరీక్షించి, "మీ విషయంలో రెండువేల చిల్లర మీటర్ల దాకా, అదీ కాసేపయితే ఫరవాలేదు. అంతకు పైకి వద్దు" అన్నారు.

ఆ రాత్రి పటం మీద రెండో గీత కూడా కొట్టివేస్తూ, "నాన్నగారితో ఏం చూస్తాం? సగం ప్రయాణం పోయినట్టే" అన్నాను మా ఆవిడతో. విసుగులో అన్న మాట. అనడం, వసారాలో పడకకుర్చీ కిర్రుమనడం ఒక్కసారే జరిగాయి.

మర్నాడు కాఫీ తాగుతూ నాన్నగారు, "ఒరేయ్ అబ్బాయీ, నేను రానురా. ఆ చలి నాకు పడదు. ఆ డబ్బుతో అమ్మాయికి మరో రెండూళ్ళు చూపించు" అన్నారు. ఆయన ముఖంలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

ఏటా వందలమంది పిల్లల తప్పులు దిద్దేవాణ్ణి. నా వాక్యంలో తప్పు ఎలా దిద్దుకోవాలో మూడు రోజుల దాకా తోచలేదు. చివరికి మా ఆవిడే, "ఏమండీ, మీరు కారు కోసం కొండలు వెతుకుతున్నారు. మామయ్యగారు చూడాలనుకున్నది రైలు కదా!" అని, ట్రంకుపెట్టె మూత తెరిచి ఆ బొమ్మ చూపించింది.

ఆ వంతెన పేరు లాండ్‌వాసర్. 1902లో పూర్తయింది. ఎత్తు 65 మీటర్లు. దాని మీదుగా పోయే బండి కూర్ పట్నంలో బయలుదేరి, పళ్ళచక్రాల సాయమేమీ లేకుండానే, ఎక్కువ వాలున్న చోట నూరు మీటర్లకు ఏడు మీటర్లు ఎక్కుతూ, 2,253 మీటర్ల ఎత్తున బెర్నీనా కనుమ దాటి, ఇటలీలోని తిరానోకు దిగుతుంది. ఆ దారిలో చలికాలంలోనూ రైలు నడుస్తుంది. డాక్టరుగారు కూడా సరేనన్నారు.

కారు మోజు నాకు బొత్తిగా వదలలేదు సుమండీ! దానికి చివరి మూడు రోజులు ఉంచుకున్నాను. మొదట లౌటర్‌బ్రున్నెన్ లోయ. మంచు కరిగే రోజులు గనుక జలపాతాలు నిండుగా ఉంటాయి. అది వసంతం మాకిచ్చే లాభం. తర్వాత కాండర్‌స్టెగ్. అక్కడ కారును రైలు మీదికే నడిపించి, మనం అందులోనే కూర్చుంటే, 1913లో తెరిచిన లోట్ష్‌బెర్గ్ సొరంగం గుండా సుమారు పావుగంటలో కొండ అవతల గొప్పెన్‌స్టైన్‌లో దించుతారు. అక్కణ్ణుంచి టేష్ దాకా మళ్ళీ రోడ్డు. ఆపైన జెర్మాట్‌లోకి మా కారును రానివ్వరు, మళ్ళీ రైలే.

సాయంత్రం ఇదంతా నాన్నగారి ముందు చదివాను. కాండర్‌స్టెగ్ దగ్గరికి వచ్చేసరికి ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

"కారు రైలెక్కుతుందా? చక్రాలకు అడ్డం ఏం పెడతారు? వెనక గార్డుంటాడా?"

"అవన్నీ మీరే వచ్చి చూసి చెప్పాలి, నాన్నగారూ. ఆ రాత్రి నేనన్న మాట తప్పు."

"ఏమన్నావు? నాకేం వినపడలేదే" అన్నారాయన, అద్దాలు తుడుచుకుంటూ. కాసేపాగి, "ఆ టైంటేబిలు కాగితాలు ఇలా ఇయ్యి" అన్నారు.

వీసా దరఖాస్తులు ప్రయాణానికి ఆరు నెలల లోపే తీసుకుంటారు గనుక, వచ్చే నెలలో వేయబోతున్నాం. ఈలోగా ఆయన ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి, స్టేషను, రాక, పోక, అన్నీ పూర్తిచేశారు. చివరి గడి ఒక్కటే ఖాళీ. దాని పైన 'ఆలస్యానికి కారణం' అని ఉంది.

"ఆ దేశంలో బండ్లు మరీ అంత ఆలస్యం కావుట, నాన్నగారూ" అన్నాను.

"బండి కోసం కాదురా, నీ కోసం" అన్నారు.