మా జీపు ఎడమ చక్రము

కాట్పాడి నుండి గుడియాత్తమునకు పోవు దారిలో మా కే.వి.కుప్పము కలదు. ఊరికి దక్షిణమున పాలారు, ఉత్తరమున కొండలు, ఆ కొండల కావల చిత్తూరు జిల్లా. మా ఊరివారి బంధుత్వములు చాల భాగము ఆ కొండల కావలనే యున్నవి. పెండ్లి యైనను, పురు డైనను పలమనేరు వైపునకు ఎక్కవలసినదే. బస్సు పోని మట్టిదారులలో, వాన కురిసిన మరునాడు, ఎడ్లబండికంటె వేగముగా పోగలిగి, లారీ దూరని సందులలో దూరగల వాహనము జీపు. అందుచేతనే క్రొత్త మోటారుబండ్లు ఎన్ని వచ్చినను, ముప్పది యేండ్ల నాటి జీపులు మా ప్రాంతమున ఇంకను కొబ్బరికాయలను, మేకలను, మనుష్యులను మోయుచునే యున్నవి. సంతరోజున మా ఊరికి వచ్చి చూచినవారికి ఈ మాట చెప్పనక్కరలేదు.

జీపు యుద్ధము కొఱకు పుట్టినది. 1941లో అమెరికా సైన్యమునకై విల్లీస్ సంస్థ దానిని విరివిగా చేయ మొదలిడెను. ఫోర్డు సంస్థయు చేయి కలిపెను. రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి ఆ రెండు సంస్థలును ఆరు లక్షలకు పైగా జీపులను చేసినవి. మన దేశమున, 1945లో లుధియానాలో స్థాపింపబడి 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా యని పేరు మార్చుకొనిన సంస్థ, విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చి అమ్మెను. వెనుక చక్రములకే కాక ముందు చక్రములకును ఇంజను బలము నందించుట, నాలుగు చక్రములకును ద్రవపీడనముతో పనిచేయు బ్రేకు నమర్చుట, ఈ రెండును ఆ మొదటి జీపునుండి వచ్చినవే. మేము చెప్పబోవు విషయమున ఈ రెంటికిని పని యున్నది.

మేమనగా అన్నదమ్ములము ముగ్గురము. పొలమును మూడు భాగములుగా పంచుకొంటిమి. జీపును పంచుకొనుట సాధ్యము కానందున అది యుమ్మడిగా మిగిలెను. మేము ముగ్గురమును ఒకచోట చేరి మాటలాడుకొనుటకు తరచుగా ఆ జీపే సాకు.

గత వేసవిలో మా చెల్లెలి కుమార్తె నిశ్చితార్థమునకు పలమనేరు పోయి, సాయంకాలము గుడియాత్తము వైపు కొండదారిని దిగుచుంటిమి. నడుపుచున్న తమ్ముడు, “స్టీరింగు ఎడమకు పోతా ఉంది” అనెను. కొంత దూరము పోగా, పల్లమున గేరు తీసినను జీపు తనంతట తాను దొరలక, ఎవరో వెనుకనుండి పట్టి లాగినట్లు నిలువసాగెను. అంతలో కాలిన వాసన. అమ్మ ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొనెను. దిగి చూడగా మూడు చక్రములు గోరువెచ్చగా నుండెను. ఎడమ ముందు చక్రపు డ్రమ్ము దగ్గరకు చేయి పోనీయలేదు. నాలుగు నీటిచుక్కలు చల్లగా చుయ్యిమని యెగిరిపోయెను. ఒకరు బిందెడు నీళ్ళు పోయుదమనిరి గాని పోయనీయలేదు. కాగిన పోతయినుము ఒక్కసారి చల్లబడినచో పగులవచ్చును. గంటసేపు చింతచెట్టు క్రింద కూర్చుంటిమి. చక్రము చల్లారి, పట్టు వదలెను. బ్రేకు వీలైనంత తక్కువగా త్రొక్కుచు, చిన్న గేరులోనే యిల్లు చేరితిమి.

పెండ్లికి తొమ్మిది దినములే గడువు. అమ్మయు, పిల్లలును, పెండ్లి సామానును ఆ జీపులోనే, ఆ కొండదారినే ఎక్కి, మరల రాత్రివేళ దిగవలెను.

మరునాటి ఉదయము చక్రమును జాకీతో ఎత్తి త్రిప్పగా, రాత్రి జ్వరముతో మూలిగి తెల్లవారి వైద్యుని యెదుట నవ్వుచు కూర్చున్న రోగివలె, అది హాయిగా తిరిగెను! రెండు షెడ్లకు పోయితిమి. మొదటిచోట, నాలుగు చక్రముల బలము గల బండి గనుక ముందు ఇరుసులోనే దోషముండునని, బేరింగులు మొదలు పండ్లచక్రముల వరకు అన్నియు విప్పవలెనని చెప్పిరి. గడువు పది దినములు. ఖర్చు వినినంతనే మా అన్నగారు లేచి నిలువబడిరి. రెండవచోట సులభోపాయము చెప్పిరి. ఆ చక్రమునకు పోవు బ్రేకు గొట్టమును మూసివేసినచో చక్రము పట్టదట. మూడు చక్రములకు బ్రేకు చాలునట. ఇట్లు మూసిన జీపులు రోడ్లపై తిరుగుచున్న మాట నిజమే. కాని ముందు చక్రములలో కుడిదానికి మాత్రమే బ్రేకు పట్టినచో, త్రొక్కినప్పుడెల్ల బండి కుడివైపునకు తిరుగబోవును. కొండదారిలో ఆ తిరుగుడు ఎచ్చటికి తీసికొనిపోవునో వేరుగా చెప్పవలెనా? ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పగా అమ్మ ఒక్క మాటయే యనెను: “మూడు కాళ్ళ మంచంమీద పిల్లోళ్ళను పండబెడతారా?”

అప్పుడు మా వీధి చివర నున్న ముసలి మేస్త్రిని పిలిచితిమి. ఆయన లారీ షెడ్లలో జీవితము గడిపి, పని మానుకొని యింట నున్నవాడు. వచ్చి, స్పానరు ముట్టక, జీపు చుట్టు ఒకసారి తిరిగెను.

“విప్పేది తర్వాత నాయనా. ముందు అడగాల.”

“ఎవర్ని మామా?”

“బండిని.”

ఈ పాత జీపుల చేతిబ్రేకు చక్రములకు పట్టదు; గేరుపెట్టె వెనుక నున్న షాఫ్టునకు పట్టును. అందుచేత వెనుక చక్రమొకటి పైకెత్తినచో, చేతిబ్రేకు వేసియున్నను బండి జారిపోవచ్చును. మేమెత్తునవి ముందు చక్రములే యైనను, వెనుక చక్రములకు ఇరువైపుల రాళ్ళు పెట్టి, ముందు ఇరుసు క్రింద కొయ్యదిమ్మెలు పెట్టిన పిదపగాని ఆయన ఎవ్వరిని దగ్గరకు రానీయలేదు. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరినవారి కథలు ఆయనకు చాల తెలియును.

మొదట ఇరుసును అడిగెను. కొన్ని జీపులకు ముందు చక్రమును ఇరుసునుండి విడదీయు బిళ్ళలు హబ్బులపై నుండును. మా జీపునకు లేవు. కావున గేరు తీసియున్నను, ముందు చక్రమును చేతితో త్రిప్పినచో లోపలి ఇరుసు కడ్డీ, డిఫరెన్షియల్ పండ్లచక్రములు, వానికి తగిలించిన షాఫ్టు, అన్నియు కదలును. చేతికి కొంత బరువు తగులుట సహజము. ఆ బరువునే రోగమని భ్రమపడువారు కలరు. మేస్త్రి ఎడమ చక్రమును త్రిప్పెను. కుడి చక్రమును త్రిప్పెను. మా ముగ్గురిచేతను త్రిప్పించెను. రెండు చేతులకును ఒకే బరువు. చక్రమును పైన క్రింద పట్టి ఊపెను, ఆటలేదు. చెవి యొగ్గి వినెను, గరగర లేదు. “బేరింగు మంచిదే” అనెను. ఎండిన రోడ్డుపై నాలుగు చక్రముల గేరు వేసి నడిపినచో ముందు వెనుక ఇరుసులు ఒకదానితో నొకటి పెనగులాడి బండి బిగియు మాట నిజమే. కాని ఆ బిగువు ఒక్క చక్రమునే పట్టి కాల్చదు. మొదటి షెడ్డువారు చెప్పిన ఇరుసు దోషము ఇంతటితో కొట్టివేయబడెను.

తరువాత బ్రేకును అడిగెను. మా అన్నగారి కుమారుడు, పదవ తరగతి విద్యార్థి, లోపల కూర్చుండి పెడలును పదిమార్లు త్రొక్కి వదలెను. కుడి చక్రము వెంటనే తిరిగెను. ఎడమది కదలలేదు! పది నిమిషములు గడచిన పిదప కొంచెము కొంచెముగా వదలెను. చల్లని ఉదయమున అది మమ్ము మోసగించుట ఎందువలననో అప్పుడు తెలిసెను. రాత్రియంతయు నిలిచియున్నందున దానికి వదలుటకు కావలసినంత కాలము దొరకెను.

ఇచ్చట బాలుడు దిగివచ్చి ప్రశ్న వేసెను. “తాతా, మా పుస్తకంలో పాస్కల్ నియమం ఉంది. మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమంగా పోతుంది. అట్లయితే ఒక్క చక్రమే ఎందుకు పట్టుకుంటుంది?”

మేస్త్రి నవ్వెను. “ఆయప్ప ఎవరో నాకు తెలీదు అబ్బోడా. పొయ్యే ఒత్తిడిని గురించి చెప్పినాడు. తిరిగొచ్చేదాన్ని గురించి చెప్పినాడా?”

పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి పండితునికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానము మేము వినలేదు. నియమము తప్పలేదు. త్రోవలో ఎచ్చటనో అడ్డు పడి, ఒక పాత్ర రెండు పాత్రలైనది. ఆ అడ్డు ఎచ్చట?

పెడలు క్రింద మాస్టరు సిలిండరు ఉండును. కాలు తీసినప్పుడు ఆయిలు తిరిగి తొట్టిలోనికి పోవుటకు అందొక సన్నని రంధ్రము కలదు. అది మూసికొన్నచో చక్రములన్నియు పట్టవలెను. పెడలునకు అర అంగుళపు వదులు ఉన్నది. మూడు చక్రములు వదలుచున్నవి. కనుక దోషమచ్చట లేదు. చట్రమునుండి ముందు ఇరుసునకు వచ్చు రబ్బరు హోసు ఒకటి. అది మూసికొన్నచో ముందు చక్రములు రెండును పట్టవలెను. అదియు కాదు. ఇక మిగిలినవి ఇరుసునుండి ఎడమ చక్రమునకు పోవు హోసును, ఆ చక్రములోని సిలిండరు, స్ప్రింగులును. చక్రము స్టీరింగుతోపాటు తిరుగవలసినది గనుక అచ్చట ఇనుప గొట్టము పనికిరాదు. రబ్బరు హోసే యుండవలెను.

పెడలు మరల త్రొక్కించి, చక్రము బిగిసియుండగా, మేస్త్రి ఆ హోసు ఇరుసు వద్ద కలియు మరను కొంచెము వదులు చేసెను. రెండు చుక్కల ఆయిలు కారెను, చక్రము వదలలేదు. ఆ మర బిగించి, మరల త్రొక్కించి, ఈసారి చక్రము వెనుక నున్న నిప్పిలును పావు చుట్టు త్రిప్పెను. ఆయిలు సన్నని ధారగా చిమ్మెను. అదే క్షణమున చక్రము, ఎవరో చేయి తీసినట్లు, గిర్రున తిరిగెను! స్ప్రింగు విరిగియున్నను, పిస్టను త్రుప్పు పట్టియున్నను, నిప్పిలు తెరచినంత మాత్రమున వదలదు. ఒత్తిడి హోసునకు అవతల చిక్కుకొని యున్నది, ఇవతల లేదు. ఇంకేమి కావలెను?

హోసును విప్పి కత్తితో నిలువుగా చీల్చితిమి. పైకి పగులు లేదు, ఉబ్బు లేదు. లోపలి రబ్బరు మాత్రము ఉబ్బి, ఒకచోట చీలి, చిన్న నాలుకవలె వ్రేలాడుచుండెను. కాలితో త్రొక్కిన బలమునకు ఆ నాలుక తొలగి ఆయిలును పోనిచ్చును; తిరుగు ప్రయాణమున స్ప్రింగుల బలము స్వల్పము గనుక ఆ నాలుక అడ్డుపడును. మన బావులలో పంపు గొట్టము అడుగున నుండు ఫుట్‌వాల్వును చూచినవారికి ఇది క్రొత్త కాదు. నీరు పైకి వచ్చును, క్రిందికి పోదు. అది బావిలో నుండవలసిన గుణము, బ్రేకులో కాదు. పైగా చిక్కుకొనిన ఆయిలు వేడెక్కి వ్యాకోచించును. పోవుటకు దారి లేక చక్రమును మరింత బిగించును. బిగిసినకొలది మరింత వేడి. కొండ దిగుచుండగా పట్టు క్షణక్షణము పెరుగుటకు కారణమిదియే.

రబ్బరు వయస్సుచేతనే ఇట్లగును. తప్పు నూనె పోసినను అగును. ఇట్టి బండ్ల బ్రేకు ఆయిలు గ్లైకాలు జాతికి చెందినది. ఇంజను ఆయిలు వంటి ఖనిజ తైలము ఒక చెంచాడు కలిసినను లోపలి రబ్బరులన్నియు ఉబ్బును. అందుచేత మూత తీసిన సీసాలో ఉన్నదేదో పోయరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక చాలకాలము తెరచియుంచిన సీసాయు పనికిరాదు.

ఎడమ హోసు మాత్రమే కాక, దాని యీడుదే యగు కుడి హోసును కూడ మార్చితిమి. డ్రమ్ము విప్పగా లైనర్లు కాలి నల్లని గాజువలె మెరయుచుండెను. వానిని రెండు ప్రక్కలను మార్చితిమి. ఆ ధూళిని నోటితో ఊదబోయిన తమ్ముని మేస్త్రి కసరి, తడిగుడ్డతో తుడిపించెను. పూర్వపు లైనర్లలో ఆస్బెస్టాసు ఉండెడిది. ఆ పొడి ఊపిరితిత్తులకు హాని. బేరింగులను కడిగి, క్రొత్త గ్రీజు పెట్టి, అవే తిరిగి బిగించితిమి. ఇంకను కొన్ని దినములు అట్లే నడిపియున్నచో గ్రీజు కరగి, సీలు పోయి, మొదటి షెడ్డువారి మాటయే నిజమై యుండును.

గొట్టములలో చేరిన గాలి తీయుట ఇద్దరి పని. ఒకరు త్రొక్కి పట్టవలెను. ఇంకొకరు నిప్పిలు తెరచి, బుడగలు పోగానే మూయవలెను. మూసిన పిదపనే మొదటివారు కాలు తీయవలెను. ఈ పనికి బాలుని చెల్లెలు కూర్చుండెను. “తొక్కు”, “పట్టు”, “వదులు” అని మేస్త్రి చెప్పగా, కాలు అందక సీటు అంచున జరిగి కూర్చుండి, ఆమె ఒక్కసారియు తప్పక చేసెను. మొత్తము ఖర్చు, మేము పెండ్లిలో చదివించిన డబ్బుకు మించలేదు. మేస్త్రి కూలి తీసికొనక, పెండ్లికి వచ్చెదనని మాత్రము చెప్పెను, వచ్చెను కూడ.

పెండ్లినాటి రాత్రి పదకొండుగురము ఆ కొండ దిగితిమి. చిన్న గేరులో ఇంజనుతోనే వేగమును పట్టి, అవసరమైనచోటనే బ్రేకు త్రొక్కితిమి. గుడియాత్తమున టీ త్రాగుటకు ఆపినప్పుడు బాలుడు దిగి, ముంజేయి వెనుకభాగమును ఒక్కొక్క డ్రమ్ము దగ్గరగా పెట్టి చూచుచు జీపును చుట్టివచ్చెను. ముందువి రెండును ఒకే వెచ్చన. వెనుకవి వానికంటె కొంచెము చల్లన. అమ్మ నిద్రలోనుండి లేచి, వచ్చిన దెచ్చటికని అడిగి, మరల కన్ను మూసికొనెను.