తింటున్నా దిగదు

ఆకలి వేస్తుంది. ముద్ద నోట్లోకి వెళ్తుంది. కానీ ఛాతీ మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. నీళ్లు తాగితే నీళ్లూ దిగవు, కాసేపటికి అన్నీ కలిసి వెనక్కి వస్తాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర పనిచేసే నాకు ఏడాదిన్నర పాటు ఇదే బతుకు.

క్యాంటీన్‌లో అందరూ బాక్సులు విప్పుతుంటే ఫోన్ వచ్చినట్టు బయటకెళ్లిపోయేదాన్ని. నైట్ షిఫ్ట్ అయ్యాక పడుకుంటే, తిన్నది గొంతులోకి వచ్చి పొలమారేది. 11 కిలోలు తగ్గాను. "భలే సన్నబడ్డావే, ఏం డైట్?" అని అడిగేవాళ్లు. అమ్మేమో దిష్టి తీసేది. ఒక క్లినిక్‌లో గ్యాస్ అన్నారు, ఇంకోచోట టెన్షన్ అన్నారు.

అసలు పేరు అకలేషియా. అన్నవాహిక చివర, కడుపు మొదలయ్యే చోట ఒక కండరాల వలయం ఉంటుంది. మనం మింగగానే అది తెరుచుకోవాలి. దాన్ని నడిపే నరాల కణాలు దెబ్బతింటే బిగుసుకునే ఉంటుంది. గేటు లేవని టోల్ ప్లాజా అనుకోండి. ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి వస్తుంది. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే అన్నవాహిక కింది కొస పక్షి ముక్కులా కనిపించింది. మానోమెట్రీతో ఖాయమైంది.

దెబ్బతిన్న నరాలను బాగుచేసే మందు లేదు. గేటు తెరవడమే వైద్యం. 17వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ డాక్టర్ థామస్ విల్లిస్, వేల్‌బోన్ పుల్లకు స్పాంజి కట్టి ఒక రోగి చేత అన్నాన్ని లోపలికి తోయించాడట! ఇప్పుడు ఎండోస్కోపీతో 30 మిల్లీమీటర్ల బెలూన్ పంపి, గాలి నింపి ఆ కండరాన్ని సాగదీస్తారు. ఇంకో దారి పోయెమ్. నోటి ద్వారానే వెళ్లి కండరాన్ని కోస్తారు. జపాన్ డాక్టర్ ఇనౌయె 2008లో మొదలుపెట్టిన ఈ పద్ధతి మన హైదరాబాద్ ఏఐజీలోనూ చేస్తున్నారు.

డాక్టర్ ఏదీ దాచలేదు. పోయెమ్ ఎక్కువకాలం పనిచేస్తుంది, కానీ యాసిడ్ పైకి తన్నే బాధ ఎక్కువ. బెలూన్‌తో నూటికి ఇంచుమించు ఇద్దరికి అన్నవాహిక చిరగొచ్చు, అప్పుడు ఆపరేషన్ తప్పకపోవచ్చు. చిన్న వయసువాళ్లకు మళ్లీ చేయాల్సి రావచ్చు కూడా. నాది కాంట్రాక్ట్ ఉద్యోగం, సెలవు పెడితే జీతం కట్. బెలూనే అన్నాను. సంతకం పెట్టేటప్పుడు నాన్న చెయ్యి వణికింది.

అరగంట లోపే అయిపోయింది. ఛాతీలో నొప్పి రాత్రంతా ఉంది. మర్నాడు పాలు, ఆ తర్వాత మెత్తటి పెరుగన్నం. ఆగకుండా దిగిపోతుంటే అమ్మ నా గొంతు వంకే చూస్తూ కూర్చుంది.

ఇది శాశ్వతం కాదని తెలుసు. చెకప్‌లకు వెళ్తూనే ఉండాలి. మీకూ అన్నంతో పాటు నీళ్లు కూడా ఆగిపోతుంటే గ్యాస్ మాత్రలతో నెలలు గడపకండి, గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించుకోండి.

ఇప్పటికి 4 కిలోలు పెరిగాను. మొన్న ఒకమ్మాయి "లావయ్యావే" అంది. థాంక్స్ చెప్పాను.