నీళ్ళు కాస్తే మందు పోతుందా?

"నీళ్ళు కాచి చల్లార్చి తాగండమ్మా!" ముప్ఫయ్యేళ్ళుగా ప్రభుత్వాసుపత్రిలో నేను రోజూ చెప్పే మాట ఇది. కలరాకీ, టైఫాయిడ్‌కీ, పచ్చకామెర్లకీ పనికొచ్చే సలహాయే. అయితే గుంటూరు జిల్లా మిరప పల్లెనుంచి వచ్చిన ఒక గర్భిణీ నన్ను అక్కడే ఆపింది. "మా బావగారు చేలో తెగులు మందు కొట్టొచ్చి, పంపు మా బావి గట్టునే కడుగుతారు డాక్టరుగారూ! కాచుకుంటే ఆ మందు పోతుందా?"

పోదు. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, మందు చావదు. రైతులు ఎం-45 అనే పసుప్పచ్చ పొడి అసలు పేరు మాంకోజెబ్. అది నీళ్ళలో పడ్డాక ఒకటి రెండు రోజుల్లోనే విరిగిపోతుంది. "నిలవుండదులెండి" అని కొట్టువాడు అనేది అందుకే. ఆ మాట సగమే నిజం. తల్లి పోతుంది, పిల్ల మిగులుతుంది. ఆ పిల్ల ఇథిలీన్ థయోయూరియా. పేరు నోరు తిరగకపోయినా గుణం గుర్తుంచుకోండి. నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. మెడలోని థైరాయిడ్ గ్రంథి పనికి అడ్డుపడుతుంది. కడుపులో బిడ్డ మెదడు ఎదగాలంటే తల్లి థైరాయిడ్ సరిగా పనిచేయాలి మరి! ఎండ తగిలే చెరువులో ఇది త్వరగానే నశిస్తుంది. ఎండ సోకని భూగర్భ జలంలో చాలాకాలం ఉంటుంది. పైగా మాంకోజెబ్‌ను వేడిచేసినా ఇదే పుడుతుంది. యూరోపు దేశాలు 2020లో మాంకోజెబ్‌కు అనుమతి పొడిగించకపోవడానికి థైరాయిడ్ భయం ఒక కారణం.

ఆమెకు థైరాయిడ్ రక్తపరీక్ష రాశాను. పంపు కడిగిన నీళ్ళు బావికి దూరంగా, మందు కొట్టిన చేలోనే పోయమని బావగారికి కబురంపాను. ఆడకూతురు చెబితే వింటారో లేదో, డాక్టరు చెప్పాడంటే వింటారు.

కార్బెండజిమ్ ఇంకా మొండిది. గాలి ఆడే నీళ్ళలో సగం తరగడానికే 2 నెలలు, గాలి ఆడని నీళ్ళలో 25 నెలలు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనదేశంలో 2018లో నిషేధించిన బెనోమిల్ కూడా నీళ్ళలో కొద్ది గంటల్లోనే కార్బెండజిమ్‌గా మారేది.

పట్నంవాళ్ళు మాకేమిటనుకోకండి. మాంకోజెబ్ కాయ పైనే ఉంటుంది కనుక కూరగాయలు పొయ్యి ఎక్కించకముందే బాగా కడగండి, చాలావరకు పోతుంది. కార్బెండజిమ్ మొక్క లోపలికి పోతుంది, కడుగుళ్ళకు లొంగదు. మందు డబ్బాలు ఎంత తోమినా వంటింట్లోకి రానివ్వకండి. పటిక వేస్తే బురద తేరుతుంది గాని, కరిగిన మందు తేరదు. పొలాల నడుమ బావి ఉన్నవారు తాగడానికి కుళాయి నీళ్ళు తెచ్చుకోండి. వాటిని మాత్రం కాచే తాగండి.