ఎనభై నుంచి రెండొందల ఇరవైకి

మావాడికి పదిహేనేళ్ళు. మూడేళ్ళుగా గిటారు వాయిస్తున్నాడు (అని వాడి నమ్మకం, మా ఆవిడ నమ్మకం వేరు). ఈ వేసవిలో ఎలక్ట్రిక్ గిటారు సొంతంగా తయారు చేసుకుంటానన్నాడు. చెట్టు నరికి కాదులెండి. ఆకారం కోసి, రంగు వెయ్యకుండా వదిలేసిన చెక్క దొరుకుతుంది. దాన్ని నునుపు చేసి, రంగు పట్టించి, పైన పూత వేసి, మిగతావి బిగించుకోవడమే.

"వడ్రంగి మనవడివి, నీకిదో పనా!" అన్నాను గొప్పగా. ఆ వడ్రంగి కొడుకుని నేనే. నాకు మేకు కొట్టడం కూడా రాదు.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. పక్కనే గొల్లపల్లిలో ఒకే పనస దుంగ తొలిచి వీణలు చేస్తారు. నాన్నది అంత పేరున్న పని కాదు. తలుపులు, మంచాలు, నాగళ్ళు. నేను ఉలి ముట్టుకుంటే చాలు, "ఎల్లి సదూకో" అని తరిమేవాడు. చదువుకున్నాను. మిషిగన్‌లో తేలాను.

మావాడు కొన్నది ఆష్ కర్ర. మేం వచ్చిన కొత్తలో మా వీధి నిండా ఈ చెట్లే. వాటిని తినే పచ్చ పురుగు 2002లో ఇక్కడే, డెట్రాయిట్ దగ్గర బయటపడింది. తర్వాత కొన్నేళ్ళకే మా వీధిలో ఒక్కటీ మిగల్లేదు. 1950ల నుంచీ ఈ కర్రతో గిటార్లు చేసిన ఫెండర్ వాళ్ళు కూడా 2020లో, కర్ర సరిగ్గా దొరకట్లేదు, మామూలు మోడళ్ళకి ఇక వాడమన్నారు. అందుకని చెక్క ఖరీదు మా ఆవిడకి సగమే చెప్పాం.

సరే, అసలు కథ. గరుకు కాగితానికి నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ నునుపు. 80తో మొదలెట్టి 120, 150, 180, చివరికి 220. మధ్యలో ఏదీ వదలకూడదు. ఇది చదివి కూడా, ఎలాగూ 220తోనే ముగిస్తాం కదా అని, గుండ్రంగా తిరిగే మెషినుకి ముందు 80, వెంటనే 220 తగిలించాను. ఇరవై ఏళ్ళుగా క్లయింట్లకి "టెస్టింగ్ ఎగ్గొట్టకండి" అని చెప్పి బతుకుతున్నవాణ్ణి! అరగంటలో చెక్క అద్దంలా కనిపించింది. మావాడు "ఇంతేనా నాన్నా?" అన్నాడు. ఇంతే అన్నాను.

స్టెయిన్ పూసిన నిమిషానికి తెలిసింది ఇంతే కాదని. చెక్క నిండా చిన్న చిన్న సున్నాలు. 80 కాగితం లోతుగా గీస్తుంది. 220 ఆ గీతల అంచుల్ని మెత్తబరుస్తుంది గానీ అడుగుదాకా పోలేదు. రంగు వెతుక్కుంటూ వెళ్ళి ఆ గీతల్లోనే కూచుంటుంది. ఒకచోట తెల్లటి మచ్చ కూడా: అతుకు దగ్గర మిగిలిపోయిన జిగురు. జిగురు మీద రంగు పట్టదు.

మావాడు ఏమీ అనలేదు. లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. తిట్టినా బాగుండేది.

శనివారం రాత్రి తొమ్మిదింటికి ఇంటికి ఫోన్ చేశాం. అక్కడ ఆదివారం పొద్దున్న ఆరున్నర. మావాడు వీడియోలో చెక్క చూపించబోతే నాన్న అడ్డుపడ్డాడు.

"కళ్ళు ఆనట్లేదురా బాబూ. ఫోను చెక్క పక్కన పెట్టి, చేత్తో రుద్దు. ఇంటాను."

80 కాగితాన్ని చిన్న చెక్కముక్కకి చుట్టి, నార పోయే దిక్కునే, మళ్ళీ మొదటి నుంచి. అడ్డంగా రుద్దితే గీతలు మళ్ళీ బయటపడతాయట. నాన్న వింటూ ఒక్కొక్కటే చెప్పాడు. ముందు బరబరమంటుంది. ఆ చప్పుడు తగ్గి సుయ్‌మని ఒకేలా వస్తే అప్పుడు తర్వాతి నంబరు. దీపం పక్క నుంచి, చెక్కకి ఆనించినట్టు పెట్టి చూడాలి. నార తెగిన చివరలు రంగు ఎక్కువ తాగి నల్లబడతాయి గనక అక్కడ ఇంకాస్త మెత్తటి కాగితం వాడాలి. అంతా అయ్యాక తడిగుడ్డతో తుడిస్తే చెక్క నూగు లేస్తుంది. ఆరనిచ్చి, ఆ నూగు పోయేదాకా మాత్రమే 220తో తేలిగ్గా.

ఆదివారం రాత్రి కూడా ఫోన్ చేశాం. 120 అయింది. మావాడు నీళ్ళు తాగడానికెళ్తే కాగితం నేను పుచ్చుకున్నాను. మాస్కు లోపల చెమటలు. కాసేపు రుద్ది, ఎన్నాళ్ళుగానో నలుగుతున్నది అడిగేశాను.

"వీడికి ఇంత చెప్తున్నావు. నాకెందుకు నేర్పలేదు నాన్నా?"

అవతల కోడి కూసింది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. లైను పోయిందనుకున్నాను.

"నీకు చెయ్యి బాగుండేది. నేర్పితే ఇక్కడే ఉండిపోతావని బయ్యమేసింది."

నేను రుద్దుతూనే ఉన్నాను. ఏమనాలో తెలియలేదు.

"ఒరే, ఆ కాగితం అరిగిపోనాది. ఇనబడట్లేదేట్రా? మార్చు," అన్నాడు.

మార్చాను.