గోల్కొండ కందకం, బల్ల మీద

జూన్ 8
కొండ మొత్తాన్ని బొమ్మగా చేయాలన్న ఆశ వదులుకున్నాను. గోల్కొండ ఎత్తు దాదాపు 120 మీటర్లు. 1:72 కొలతలో మనిషి రెండున్నర సెంటీమీటర్ల లోపే ఉంటాడు గానీ, కొండ నిలువెత్తు మనిషంత లేస్తుంది. అందుకని ఒక్క బురుజు, ముందు కందకం, అవతల మొఘలుల మోర్చాలు. సంవత్సరం 1687, ఔరంగజేబు ముట్టడి మధ్యలో వానలు.

జూన్ 11
లాడ్ బజార్. పూసల దుకాణంలో రెండు మిల్లీమీటర్ల పూసలు అడిగాను. నల్లరంగు వేస్తే నా కొలతలో దాదాపు పద్నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఫిరంగి గుండ్లు. ‘‘గాజులకా సార్?’’ అన్నాడు కుర్రాడు. యుద్ధానికని చెబితే వాళ్ల చాచాను పిలిచాడు. ఆయన గోల్కొండ పేరు వినగానే డబ్బా బోర్లించి, సమంగా ఉన్నవి తానే ఏరిపెట్టాడు.

పక్కసందులో లక్క పని. బొగ్గుల మీద మెత్తబడ్డ లక్కను కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే రాళ్లు అద్దుతున్నారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వేళ్ల వేగం చూస్తే అది ఎప్పుడో రావాల్సింది. రంగు కలపని లక్క ముక్క కొంచెం కొన్నాను. తడి బురద మెరుపు దానికి సహజంగానే ఉంది.

జూన్ 19
కందకం పూడ్చడానికి ఔరంగజేబు నూలు సంచులు కుట్టించి మట్టి నింపించాడు. మొదటి సంచిని వజూ చేసుకుని తన చేతులతోనే కుట్టాడంటారు. బజారులో దొరికిన పల్చటి గుడ్డపీలికలతో నేనూ కుడుతున్నాను. ఒక్కొక్కటి బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది. సామ్రాజ్యమంతా వెనకున్నా చివరికి మనుషులు మట్టి మోయాల్సిందే. బొమ్మలో అది కనబడాలి.

జూన్ 27
సొరంగాలు. మొఘలులు బురుజు కింద తవ్వి మందుగుండు కూరారు. లోపలివాళ్లు పసిగట్టి కొంత తోడేశారు, నీళ్లు పోశారు. పేలినప్పుడు రాళ్లు, మట్టి ముట్టడిదారుల మీదే పడ్డాయి. కాబట్టి శిథిలం కోట లోపలికి కాదు, బయటికి చిమ్మాలి. థర్మాకోల్ రాళ్లన్నీ పీకి మోర్చాల వైపు అతికించాను.

జూలై 12
బురద: ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఫెవికాల్, వాడేసి ఎండబెట్టిన టీపొడి. గుంటల్లో అద్దం పెట్టమని ఒకరి సలహా. పెట్టను. వరద నీరు ఆకాశాన్ని చూపించదు, మట్టిరంగులో ఉంటుంది.

ఆగస్టు 3
పెట్టెల్లో వచ్చే సైనికులంతా కత్తి ఎత్తినవాళ్లే. ఆ ఏడాది మంజీర పొంగి ధాన్యం రాక మొఘలుల దండులో కరువు పడింది, జబ్బులు పట్టాయి. అందుకే కత్తులు కోసేసి, చేతులు దించి, పుట్టీతో తలపాగాలు చుట్టాను. బురదలో కూలిన ఎద్దును మాత్రం కొత్తగా మలిచాను. ధాన్యం మోసిన బంజారాల ఎద్దుల్లో ఒకటి అది. అన్నింటికన్నా ఎక్కువ ఓపిక దానిమీదే పెట్టాను.

ఆగస్టు 17
చివర్లో కోట తలుపు తెరుచుకునే ఘట్టం కూడా చేయమని మిత్రులు అడుగుతున్నారు. కోటలోని సేనాని అబ్దుల్లా ఖాన్ పనీ డబ్బుకు లొంగి తెల్లవారుజామున తెరిచిన తలుపు, ఒళ్లంతా గాయాలతో మరో సేనాని అబ్దుర్ రజాక్ లారీ పోరాటం, గోల్కొండ సుల్తాను తానీషా చెర. గొప్ప ఘట్టాలే. కానీ ఎనిమిది నెలలు వేల మంది బతికింది, చచ్చింది ఈ బురదలోనే. యుద్ధాన్ని బొమ్మకట్టేవాళ్లు నేల దగ్గర మొదలుపెట్టండి. ఫతే దర్వాజా వైపు వెళ్లినప్పుడు గోడ కింది కందకాన్నీ ఒకసారి చూడండి. ఫిరంగులతో, సొరంగాలతో ఆ కోట లొంగలేదు.